నల్గొండ పేరుతో ఒక నీటి పద్ధతి: పటిక, సున్నం, ఫ్లాక్యులెంట్లు ఎలా పనిచేస్తాయి?

నీటి శుద్ధి గురించి రాసిన ఇంజనీరింగ్ పుస్తకాల్లో "నల్గొండ టెక్నిక్" అనే మాట కనిపిస్తుంది. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసేసే పద్ధతి అది. నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ, అంటే నీరీ, శాస్త్రవేత్తలు 1970లలో దీన్ని తయారుచేసి, ఫ్లోరైడ్ బాధ ఎక్కువున్న జిల్లా పేరే పెట్టారు. 1975లో దీని మీద వ్యాసం అచ్చయింది. తర్వాత ఇది టాంజానియా, ఇథియోపియా దాకా వెళ్లింది. ఇందులో వాడేవి కొత్త మందులేమీ కావు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్, అంతే.

పటికను మన ఇళ్లలో ఫిట్కరీ అని కూడా అంటారు. బురద నీళ్లున్న బిందెలో పటిక ముక్కను నాలుగు చుట్లు తిప్పితే కాసేపటికి నీళ్లు తేరుకుంటాయి. ఇది పెద్దవాళ్లందరికీ తెలిసిన సంగతే. కానీ చాలామంది పొరబడేది ఒకచోట ఉంది. నీళ్లు తేటగా కనిపించినంత మాత్రాన ఫ్లోరైడ్ పోయినట్టు కాదు. ఆ తేడా తెలియాలంటే ముందు పటిక ఏం చేస్తుందో చూడాలి.

బురద తనంతట తాను ఎందుకు దిగదు?

నీళ్లలో తేలే సన్నటి మట్టి రేణువుల మీద రుణ విద్యుదావేశం ఉంటుంది. ఒకే రకం ఆవేశం ఉన్నవి ఒకదాన్నొకటి నెట్టేసుకుంటాయి. అందుకే అవి కలవవు, బరువెక్కవు, రోజుల తరబడి అలాగే తేలుతుంటాయి. పటిక వేస్తే ధన ఆవేశం ఉన్న అల్యూమినియం ఆ రేణువుల ఆవేశాన్ని తగ్గిస్తుంది. దీన్ని కోయాగ్యులేషన్ అంటారు. అప్పుడు రేణువులు ఒకదానికొకటి అతుక్కుని దూది పింజల్లాంటి కుచ్చులు కడతాయి. ఈ కుచ్చునే ఫ్లాక్ అంటారు. కుచ్చులు కట్టే పని ఫ్లాక్యులేషన్, దానికి సాయపడే పదార్థం ఫ్లాక్యులెంట్. కుచ్చు బరువెక్కి అడుగుకు దిగిపోతుంది.

పెద్ద ప్లాంట్లలో పటికతో పాటు పాలీఅల్యూమినియం క్లోరైడ్, ఫెర్రిక్ క్లోరైడ్ కూడా వాడతారు. పాలీఅక్రిలమైడ్ లాంటి పొడవాటి గొలుసుల పాలిమర్లను చాలా కొద్దిగా కలుపుతారు. ఒక్కో గొలుసు చాలా రేణువులను తాడులాగా కట్టేస్తుంది. పల్లెల్లో ఒకప్పుడు ఇదే పనికి చిల్లగింజను అరగదీసి నీళ్లలో కలిపేవారు. మునగ గింజల పొడికి కూడా ఈ గుణం ఉంది.

ఫ్లోరైడ్ సంగతి వేరు

ఫ్లోరైడ్ మట్టిలాగా తేలేది కాదు, ఉప్పులాగా కరిగిపోయి ఉంటుంది. కంటికి కనిపించదు, రుచికీ వాసనకూ తెలియదు. నల్గొండ, మహబూబ్‌నగర్ నేల కింద ఉన్నది గ్రానైట్ రాయి. అందులోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నెమ్మదిగా భూగర్భ జలంలోకి దిగుతుంది. వానలు తక్కువ పడే నేల కాబట్టి తాగునీటికీ సాగునీటికీ జనం బోర్ల మీద ఆధారపడ్డారు. రాతి పగుళ్లలో ఎక్కువ కాలం నిలిచిన నీళ్లు ఫ్లోరైడ్‌ను ఎక్కువగా పట్టుకుంటాయి.

1955లోనే ఎ.హెచ్. సిద్దిఖీ నల్గొండ జిల్లా ఫ్లోరోసిస్ గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు ఊళ్లలో వంగిన నడుములు, వంకర కాళ్లు తరాల పాటు కనిపించాయి. భారత ప్రమాణాల ప్రకారం తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 వరకు ఒప్పుకుంటారు. పిల్లలకు శాశ్వత పళ్లు లోపల తయారయ్యే వయసులో, అంటే సుమారు 8 ఏళ్ల లోపు, ఫ్లోరైడ్ ఎక్కువైతే పళ్ల మీద మచ్చలు పడతాయి. ఆ మచ్చలు తోమితే పోవు. ఏళ్ల తరబడి తాగితే ఎముకలు, కీళ్లు బిగుసుకుంటాయి. ఒకసారి ఎముక వంగాక మందుతో వెనక్కి రాదు. రాకుండా చూసుకోవడమే మార్గం.

నల్గొండ పద్ధతిలో ఏం చేస్తారు?

పటిక నీళ్లలో కలిసినప్పుడు అల్యూమినియం హైడ్రాక్సైడ్ కుచ్చులు ఏర్పడతాయి. కరిగిన ఫ్లోరైడ్ ఆ కుచ్చులకు అంటుకుని వాటితో పాటు అడుగుకు చేరుతుంది. కానీ దీనికి పటిక చాలా ఎక్కువ కావాలి. బురద తేరడానికి లీటరుకు కొన్ని పదుల మిల్లీగ్రాములు సరిపోతే, 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్, ఓ మోస్తరు క్షారత ఉన్న బోరు నీటికి లీటరుకు సుమారు 300 నుంచి 400 మిల్లీగ్రాములు పడుతుంది. అంటే 40 లీటర్ల బకెట్‌కు 12 నుంచి 16 గ్రాములు. బిందెలో పటిక ముక్క తిప్పితే ఫ్లోరైడ్ పోదనేది ఇందుకే.

ఇంటి స్థాయిలో చేసే తీరు ఇది. అడుగు నుంచి కొన్ని అంగుళాల పైన నల్లా బిగించిన బకెట్ తీసుకుంటారు. ముందు సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలుపుతారు. సున్నం పటికలో సుమారు ఇరవయ్యో వంతు. తర్వాత పటిక ద్రావణం పోసి మొదట వేగంగా, ఆ తర్వాత పది నిమిషాల పాటు నెమ్మదిగా కలుపుతారు. గట్టిగా కలిపితే కట్టిన కుచ్చు విరిగిపోతుంది. ఒక గంట కదపకుండా ఉంచి పైనున్న తేట నీటిని నల్లా నుంచి పట్టుకుంటారు. అడుగున ఉన్న మడ్డిలోనే ఫ్లోరైడ్ ఉంటుంది. దాన్ని బావి దగ్గర, కూరగాయల మడిలో, పశువులు తాగే చోట పారబోయకూడదు.

ఎంత పటిక అన్నది ఫ్లోరైడ్ మీద, నీటి క్షారత మీద ఆధారపడుతుంది. పక్కింటి బోరు లెక్క మన బోరుకు పనికిరాదు. తక్కువ వేస్తే ఫ్లోరైడ్ మిగులుతుంది. ఎక్కువ వేస్తే నీళ్లు పుల్లగా మారి, అల్యూమినియం, సల్ఫేట్ పెరుగుతాయి. తాగే నీటిలో అల్యూమినియం లీటరుకు 0.03 మిల్లీగ్రాములు, వేరే దారి లేనప్పుడు 0.2 దాటకూడదు. కొంత ఫ్లోరైడ్ అల్యూమినియంతో జతకట్టి నీళ్లలోనే కరిగి ఉంటుందని తర్వాతి పరిశోధనల్లో తేలింది. రోజూ కొలవాలి, కలపాలి, మడ్డి తీయాలి. ఇంత పని ఏళ్ల తరబడి చేయడం ఇంటికైనా ఊరికైనా కష్టమే. చవకైన పద్ధతి అయినా శాశ్వత పరిష్కారం కాలేకపోవడానికి కారణం అదే.

నది నీళ్లు వచ్చాక

చివరికి మార్గం నీటి వనరునే మార్చడం అయింది. 2015 జూన్‌లో చౌటుప్పల్‌లో పైలాన్ ఆవిష్కరణ జరిగిన మిషన్ భగీరథ పథకం కృష్ణా, గోదావరి నీళ్లను ఊళ్లకు తెచ్చింది. పాత మహబూబ్‌నగర్ జిల్లాకు కొల్లాపూర్ దగ్గరి ఎల్లూరు ప్లాంటు నుంచి శ్రీశైలం వెనుక జలాలు వస్తాయి. నది నీళ్లలో ఫ్లోరైడ్ తక్కువ, బురద ఎక్కువ. కాబట్టి ప్లాంటులో మళ్లీ పటిక జాతి మందులే పనిచేస్తాయి. కలపడం, కుచ్చు కట్టించడం, దించడం, ఇసుకలో వడకట్టడం, క్లోరిన్ వేయడం, ఇదీ వరస.

రంగుల ఫ్యాక్టరీలో తలకిందుల లెక్క

పెయింట్‌లో కుచ్చు కట్టడం ఒక లోపం. టైటానియం డయాక్సైడ్ లాంటి పిగ్మెంట్ రేణువులు విడివిడిగా ఉంటేనే రంగు సమంగా, మెరుపుగా వస్తుంది. అవి గుంపు కడితే ఛాయ మారుతుంది. తడి రంగును వేలితో రుద్ది చూసినప్పుడు రుద్దిన చోట ఛాయ తేడాగా ఉంటే పిగ్మెంట్ గుంపు కట్టిందని గుర్తు. దీన్ని ఆపడానికే డిస్పర్సెంట్లు కలుపుతారు. అయితే అతి కొద్దిగా, వదులుగా కుచ్చు కట్టించడం మంచిదే. డబ్బా అడుగున పిగ్మెంట్ రాయిలా గట్టిపడకుండా, కలిపితే మళ్లీ లేస్తుంది.

అదే ఫ్యాక్టరీలో ట్యాంకులు కడిగిన నీళ్ల దగ్గరికి వచ్చేసరికి ఫ్లాక్యులెంట్ తప్పనిసరి. పటిక లేదా పాలీఅల్యూమినియం క్లోరైడ్, సున్నం, పాలిమర్ వేసి రంగును కుచ్చు కట్టించి దించుతారు. పిండి ఆరబెట్టిన మడ్డిని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపాలి. హైదరాబాద్ దగ్గర దుండిగల్‌లో అలాంటి కేంద్రం ఉంది. కరిగి ఉన్న ద్రావకాలు, లవణాలు కుచ్చుకు చిక్కవు. అందుకే తేటగా ఉన్న ఫ్యాక్టరీ నీళ్లను కూడా శుభ్రమైనవి అనుకోకూడదు. ఇళ్లకు రంగులు వేసేవాళ్లు బ్రష్షులు కడిగిన నీళ్లను చెరువులో, బావి పక్కన పోయకూడదు.

ఇంట్లో గుర్తుంచుకోవాల్సినవి

బోరు నీళ్లు తాగేవాళ్లు ముందు గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబ్‌లో పరీక్ష చేయించాలి. మరిగిస్తే క్రిములు చస్తాయి కానీ ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరైన కొద్దీ మిగిలిన దాంట్లో ఇంకా చిక్కబడుతుంది. ఫ్లోరైడ్ ప్రధానంగా నోటి ద్వారానే ఒంట్లోకి వెళుతుంది. కాబట్టి స్నానానికి, వజూకు, బట్టలకు, గిన్నెలకు బోరు నీళ్లు వాడుకోవచ్చు. తాగడానికి, అన్నం, పప్పు వండడానికి, చాయ్‌కి, పసిపిల్లల పాలు కలపడానికి మాత్రం భగీరథ నల్లా నీళ్లో, వాన నీళ్లో, పరీక్షించి చూసుకున్న ఆర్‌ఓ నీళ్లో వాడాలి. తేయాకులోనే కొంత ఫ్లోరైడ్ ఉంటుంది, దానికి బోరు నీళ్లు తోడైతే రెట్టింపు భారం. నల్లా రాని రోజుల్లో మళ్లీ పాత బోరు వైపు వెళ్లే ఇళ్లలో, ముందుగా పిల్లల వంతు నీళ్లను పక్కన పెట్టుకోవాలి.