ఆదోని జామియా మసీదు: చిత్రంలో వెలుగు, భావవ్యాఖ్యానం

చారిత్రక కట్టడాన్ని చూపే చిత్రంలో సంధ్యాకాంతి కనిపిస్తే దానిని రాజ్యపతనానికి సంకేతంగా వ్యాఖ్యానించడం పరిపాటి. ఈ పద్ధతి ఎంతవరకు సమంజసమో ఆదోని జామియా మసీదు ఆధారంగా పరిశీలించవచ్చు.

బిజాపురం ఆదిల్‌షాహీల సర్దారు సిద్దీ మసూద్ ఖాన్ 17వ శతాబ్ది ఉత్తరార్ధంలో ఈ మసీదును కట్టించాడు. 1686లో బిజాపురం, తరువాత కొద్ది ఏళ్లలోనే ఆదోని మొఘలుల వశమయ్యాయి. శత్రువుల ఫిరంగులు మసీదు వైపు తిరగగానే దానికి హాని జరగరాదని మసూద్ ఖాన్ కోటను అప్పగించాడని జనశ్రుతి. ఈ కథ తెలిసిన ప్రేక్షకుడికి మసీదు చిత్రంలోని ప్రతి నీడా విషాదంగానే తోస్తుంది.

అయితే మొదట గమనించవలసింది కట్టడపు దిశ. ప్రార్థనా దిశ పడమర కనుక మసీదు ముఖభాగం తూర్పుకు తెరుచుకుంటుంది. తోరణాలపై నేరుగా ఎండ పడితే చిత్రించినది ఉదయం. సాయంత్రం సూర్యుడు కట్టడం వెనుకకు చేరడంతో ముఖభాగం సహజంగానే నీడలో ఉంటుంది. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు నల్లరేగడి, బండరాతి కొండలు ఈ వెలుగునీడల తేడాను మరింత పెంచుతాయి.

రెండవది చిత్రసంప్రదాయం. మొఘలుల పక్షాన పోరాడిన బికనేరు మహారాజు అనూప్ సింగ్ 1698లో ఆదోనిలోనే మరణించాడు. ఆదోని విజయంలో లభించిన దక్కనీ చిత్రాలు బికనేరు చేరాయి. దక్కనీ చిత్రాలలో నేలపై పడే నీడ అరుదు. రాత్రిని చీకటికంటె నక్షత్రాలు, దివిటీలే సూచిస్తాయి. ఒకే దిక్కు నుండి వెలుగు ప్రసరించే ఐరోపా దృశ్యచిత్రాన్ని చదివిన కొలతతో వీటిని చదవడం పొసగదు.

మూడవది కావ్యసంప్రదాయం. సూర్యాస్తమయం ఉద్దీపన విభావం. ఆలంబనం లేనిదే అది రసానికి దారితీయదు. 'మనుచరిత్ర'లో ప్రవరుడు పొద్దు గుంకకముందే ఇల్లు చేర్చుమని అగ్నిని ప్రార్థిస్తాడు. అతనికి అస్తమయం కర్మలోపభయం. అతడు వెళ్లిన తరువాత వచ్చే సంధ్య వరూధినికి విరహోద్దీపనం. సూర్యుడొక్కడే, భావాలు రెండు.

ఈ సూత్రాన్ని మసీదు చిత్రానికీ అన్వయించవచ్చు. ఓడిన సర్దారును ఆలంబనంగా తీసుకుంటే పడమటి ఎరుపు శోకాన్ని పోషిస్తుంది. వజూ చేసుకుంటున్న భక్తుడు చిత్రంలో ఉంటే అదే ఎరుపు మగ్రిబ్ నమాజు వేళను తెలుపుతూ శాంతాన్ని పోషిస్తుంది. కనుక వ్యాఖ్యాత కట్టడం చరిత్రను చిత్రంపై ఆరోపించే ముందు, ఆ వెలుగులో ఎవరున్నారో, ఏం చేస్తున్నారో నిర్ధారించుకోవడం అవసరం.