నొప్పికి నంబరు ఎలా వచ్చింది?

సున్నా అంటే నొప్పి లేనట్టు, పది అంటే ఇక భరించలేనట్టు, ఇప్పుడు మీకెంత? ఆపరేషన్ అయిన రోగిని నర్సు అడిగే ఈ ప్రశ్నను చూసి ఇదేం కొలతని పెదవి విరిచేవాళ్లున్నారు. థర్మామీటరు లేదు, బీపీ పట్టీ లేదు, రోగి నోటిమాటే లెక్క. కానీ పరికరాలన్నీ ఓడిపోయాకే ఈ ప్రశ్న నిలబడింది.

1940లో న్యూయార్క్‌లో జేమ్స్ హార్డీ, హెరాల్డ్ వోల్ఫ్, హెలెన్ గుడెల్ నొప్పిని కొలిచే యంత్రం తయారుచేశారు. పేరు డోలరీమీటర్. నుదుటికి నల్లసిరా పూసి, దీపపు వెలుగును కటకం గుండా మూడు సెకన్లు అక్కడ పడనిస్తారు. వేడి నొప్పిగా మారగానే మనిషి చెప్పాలి. దానికి 'డోల్' అనే కొలమానం పెట్టి, 10.5 దగ్గర హద్దు గీశారు. పురిటినొప్పులు పడుతున్న స్త్రీల చేతికి వేడి తగిలించి రెండు నొప్పులనూ పోల్చమన్నారు కూడా. విజ్ఞానం పేరిట ఎంతకు తెగిస్తారో! ఇంతా చేసి యంత్రం కొలిచింది వేడినే. నొప్పి పుట్టిందని చెప్పాల్సింది మళ్లీ మనిషే. రెండో ప్రపంచయుద్ధంలో ఇటలీ రంగంలో పనిచేసిన అమెరికన్ వైద్యుడు హెన్రీ బీచర్ 1946లో ప్రకటించిన సంగతి ఇంకా చిత్రం: తీవ్రంగా గాయపడ్డ సైనికుల్లో దాదాపు ముప్పాతిక మంది, అడిగినా నొప్పిమందు వద్దన్నారు. ప్రాణాలతో బయటపడ్డామన్న ఊరట అంతటిదని ఆయన వివరణ. గాయాన్ని చూసి నొప్పిని అంచనా కట్టలేమని దాంతో తేలిపోయింది.

ఇక రోగినే అడగాలి. ఎలా అడగాలన్నదే ఆ తర్వాతి చరిత్ర. 1974లో బ్రిటిష్ వైద్యుడు హస్కిసన్ పది సెంటీమీటర్ల గీత మీద గుర్తు పెట్టించే పద్ధతిని ముందుకు తెచ్చాడు. మరుసటి ఏడు కెనడాలో రొనాల్డ్ మెల్జాక్ 78 మాటల ప్రశ్నావళి ప్రకటించాడు: పోటా, సలుపా, మంటా, గుంజడమా? ఆనక చార్లెస్ క్లీలండ్, నొప్పి వల్ల నిద్ర, నడక, పని, నలుగురితో మెలగడం ఎంత దెబ్బతిన్నాయో అడగడం మొదలుపెట్టాడు. నా దృష్టిలో అసలైన ముందడుగు ఇదే. ఇద్దరు రోగులు 'ఆరు' అనవచ్చు. ఒకరికి రాత్రంతా కంటిమీద కునుకుండదు, మరొకరు పట్టుమని పది మెట్లెక్కలేరు.

నోటిమాటను నమ్మితే మోసపోమా అన్న అభ్యంతరం తీసిపారేయదగ్గది కాదు. 1990లలో అమెరికాలో నాడి, జ్వరం, బీపీ, శ్వాసల పక్కన నొప్పిని 'ఐదో గుర్తు'గా చేర్చాలన్నారు. నంబరు తగ్గించే తొందరలో, నల్లమందు తరహా నొప్పిమందులైన ఓపియాయిడ్ మాత్రల వాడకం హద్దుదాటి విపత్తయింది. 2016లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ ఆ గుర్తును వదిలేయమంది. అయితే తప్పు అడగడంలో లేదు. నంబరు తగ్గించడమే వైద్యమనుకోవడంలో, మందుల కంపెనీల ప్రచారంలో ఉంది. మన దగ్గర కథ తలకిందులు. నల్లమందు చట్టబద్ధంగా పండించే దేశంలోనే, 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం తెచ్చిన లైసెన్సుల చిక్కుల్లో క్యాన్సర్ రోగులకు మార్ఫిన్ గగనమైంది. 2014లో ఆ చట్టాన్ని సవరించాల్సి వచ్చింది.

మరి మాటరానివాళ్ల సంగతేమిటి? ఇది ఇంకా గట్టి ప్రశ్న. పసికందులకు నొప్పి తెలియదని, మత్తు తట్టుకోలేరని 1980ల దాకా చాలామందికి తగినంత మత్తు లేకుండానే ఆపరేషన్లు చేసేవారు. నొప్పిమందు ఇచ్చిన శిశువుల్లో ఒత్తిడి హార్మోన్లు తక్కువగా పెరిగాయని, చిక్కులూ తగ్గాయని 1987లో కె.జె.ఎస్. ఆనంద్ బృందం చూపాక ఆ పద్ధతి మారసాగింది. మాట చెప్పలేని పిల్లల కోసం 1997లో వచ్చిన స్కేలులో ముఖం, కాళ్లు, కదలిక, ఏడుపు, ఊరడిస్తే ఊరుకోవడం అన్న అయిదింటినీ చూసి నర్సే మార్కులేస్తుంది. ఒక్కోదానికి రెండు చొప్పున, అక్కడా పదికే.