పేరు ఇద్దరిది, పని ఎవరిది వారిది



పోయిన నెల మా ఇంటి పెళ్ళిపత్రిక కోసం మన తిరుత్తణి కుర్రాళ్ళిద్దరి దగ్గరికి వెళ్ళాను. ఒకడు బొమ్మలు వేస్తాడు, కంప్యూటర్‌లో డిజైన్ చేస్తాడు. ఇంకొకడు మాటలు రాస్తాడు, తిరువళ్ళూరు దాకా తిరిగి ఆర్డర్లు పట్టుకొస్తాడు. పత్రిక చక్కగా వచ్చింది. కానీ ఇద్దరూ విడిపోయేటట్టున్నారు. "ఐడియా నాది" అని ఒకడు, "పార్టీని తెచ్చింది నేను" అని ఇంకొకడు. మధ్యలో ఎవరో బాకీ ఎగ్గొట్టారు, ఆ నష్టం ఎవరి ఖాతాలో రాయాలన్నది మరో గొడవ.

"ఈ అక్షరాలు ఏ ఫాంటు నాయనా?" అని అడిగాను. "బాపు ఫాంటు సార్" అన్నారు. ఆ బాపు పక్కన జీవితమంతా ఎవరున్నారో తెలుసా అంటే తెల్లమొహాలు వేశారు. అందుకే ఈ పోస్టు.

1953లో ఆంధ్ర రాష్ట్రం విడిపోయింది. మద్రాసు ఇటే ఉండిపోయింది. 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా నుంచి మన తిరుత్తణి కూడా మద్రాసు రాష్ట్రంలో కలిసింది. సరిహద్దులు మారినా తెలుగు పత్రికలు, సినిమా స్టూడియోలు చాలా ఏళ్ళు మద్రాసులోనే ఉన్నాయి. రాసేవాళ్ళూ గీసేవాళ్ళూ పని కోసం అక్కడే తిరిగేవారు. బాపు, రమణ ఆ కాలం మనుషులే.

బాపు 1933లో నరసాపురంలో పుట్టారు. ముళ్ళపూడి వెంకటరమణ 1931లో ధవళేశ్వరంలో పుట్టారు. ఇద్దరూ కలిసింది మైలాపూరు పి.ఎస్. హైస్కూల్లో. చిన్నప్పుడే 'బాల' పత్రికలో ఒకరి కథ, ఒకరి బొమ్మ వచ్చాయి. తర్వాత బాపు లా చదివారు గానీ కోర్టుకు వెళ్ళలేదు, కుంచె పట్టారు. రమణ ఆంధ్రపత్రికలో ఉద్యోగానికి చేరారు. 1950లలో ఆంధ్రపత్రిక వారపత్రికలో 'బుడుగు' వచ్చింది. రాసింది రమణ, బొమ్మ వేసింది బాపు. ఇవాళ బుడుగు అనగానే మాట ముందు గుర్తొస్తుందా, బొమ్మ ముందు గుర్తొస్తుందా? చెప్పలేం కదా! జంట అంటే అది.

మన కుర్రాళ్ళు గమనించాల్సిన మొదటి సంగతి ఇక్కడుంది. వాళ్ళిద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని ఒకేసారి సినిమాల్లో దూకలేదు. రమణ ఉద్యోగం వదిలి స్వతంత్రంగా రాసుకుంటూ సినిమాలకు మాటలు రాయడం మొదలుపెట్టారు. 1962లో 'రక్తసంబంధం' ఆయన మాటలతో వచ్చింది, 1964లో వచ్చిన 'మూగమనసులు' రచనలోనూ ఆయన పాలుపంచుకున్నారు. ఆ రోజుల్లో బాపుకు పుస్తకాల ముఖచిత్రాలు, పత్రికల బొమ్మలు, కార్టూన్లు చేతినిండా ఉన్నాయి. ఎవరి కూడు వాళ్ళకుంది. అందుకే ఇద్దరి పొత్తు మీద బియ్యం ఖర్చు భారం పడలేదు.

1967లో 'సాక్షి' తీశారు. కథ, మాటలు రమణవి, దర్శకత్వం బాపుది. అంతకుముందు బాపు ఏ దర్శకుడి దగ్గరా సహాయకుడిగా చేయలేదు. స్టూడియో సెట్ల మీద కాకుండా గోదావరి పక్కన పులిదిండి అనే ఊళ్ళో తీశారు. రెండేళ్ళకు 'బుద్ధిమంతుడు', 1975లో 'ముత్యాల ముగ్గు' వచ్చాయి. మధ్యలో 'బంగారు పిచిక' లాంటివి డబ్బులు తేలేదు. అయినా "నీ కథ వల్ల పోయింది, నీ షాట్ల వల్ల పోయింది" అని వీధికెక్కిన సంగతి ఎవరూ వినలేదు. పనిలో మాత్రం గీత స్పష్టంగా ఉంది. మాట రమణది, బొమ్మా దర్శకత్వమూ బాపువి. రెండు కుటుంబాలూ మద్రాసులో ఒకే ఇంట్లో ఉండేవి. 2011 ఫిబ్రవరిలో రమణ పోయారు. ఆయన మాటలు రాసిన 'శ్రీరామరాజ్యం' ఆ ఏడాది నవంబరులో విడుదలైంది. 2014లో పోయేదాకా బాపు మరో సినిమా తీయలేదు.

వీళ్ళకు ముందే మనకు మరో జంట ఉంది. తిరుపతి వెంకట కవులు ఊరూరా అవధానాలు చేస్తూ గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలు తిరిగారు. వాళ్ళకూ నెల జీతం లేదు, మెచ్చినవాళ్ళు ఇచ్చిందే సంపాదన. తరువాత చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి బందరులో పంతులుగా చేరారు, దివాకర్ల తిరుపతిశాస్త్రి పోలవరం జమీందారు దగ్గర చేరారు. కొలువులు వేరైనా జంట చెదరలేదు. 1920లో తిరుపతిశాస్త్రి కన్నుమూశాక వెంకటశాస్త్రి మరో ముప్పై ఏళ్ళు బతికారు. ఒంటరిగా రాసినవి కూడా ఇద్దరి పేరుతోనే వేశారు. ఏ పద్యం ఎవరిదని లెక్క తేల్చి ఉంటే మనకు ఇద్దరు కవులు మిగిలేవారేమో గానీ, ఆ జంట మిగిలేది కాదు.

చూడండి, బాపు రమణలు ఎవరి పని ఏదో లోకానికి తెలిసేలా ఉన్నారు. తిరుపతి వెంకట కవులు తెలియకుండా దాచారు. దారులు వేరు. పేరు పంచుకోవడంలో మాత్రం రెండు జంటలూ ఒకటే.

మన కుర్రాళ్ళకు నేను చెప్పింది ఇంతే. ఎవరి పని ఏదో, ఏ విషయంలో ఎవరి మాట చెల్లాలో ఒక కాగితం మీద రాసుకోండి. అడ్వాన్సు తీసుకోనిదే పని మొదలుపెట్టకండి. పోయిన బాకీ ఇద్దరిదీ అనుకోండి. బోర్డు మీద ఎవరి పేరు ముందుండాలన్న గొడవ వస్తే, అక్షర క్రమం పెట్టుకుని ఊరుకోండి.

వాళ్ళు విని తలూపారు. కలిసుంటారో లేదో నాకు తెలియదు. కానీ తెలుగులో తప్పుల్లేకుండా పెళ్ళిపత్రిక వేసేవాళ్ళు మన ఊళ్ళో ఎందరున్నారో మీకూ తెలుసు. వాళ్ళిద్దరూ విడిపోతే వచ్చే ముహూర్తాలకు మన పిల్లల పేర్లు ఇంగ్లీషులోనే చదువుకోవాలి. అందుకని సభ్యులకు ఒక విన్నపం. వాళ్ళ దగ్గర పని చేయించుకుని డబ్బు ఇవ్వనివాళ్ళు ఎవరైనా ఉంటే, ఈ వారంలో ఇచ్చేయండి. సగం గొడవ అక్కడే తీరిపోతుంది.