మన్ను తినేవారి కథ



చిన్నికృష్ణుడు మన్ను తిన్నాడని యశోద నిలదీసిన ఘట్టం మీకు తెలిసిందే. మనం మన్ను అంటాం, పొరుగున కన్నడంవారు మణ్ణు అంటారు, తమిళులు మణ్ అంటారు. పేరులాగే ఈ అలవాటుకూ ఎల్లలు లేవు. బలపాలు కొరికే పిల్లలు, చాటుగా గోడ పెళ్లలు నమిలే గర్భిణులు మన ఇళ్లకు కొత్తేమీ కాదు. వాళ్లకు పడిన దెబ్బలూ కొత్త కాదు.

కాళిదాసు రఘువంశంలో గర్భవతి సుదక్షిణ నోట మట్టి వాసన వస్తుంది. దిలీపుడు ఆ వాసనకు మురిసిపోతాడు. కవికది ముచ్చటే, వైద్యుడికి కాదు. చరకసంహిత ఒళ్లు పాలిపోయే పాండురోగాన్ని అయిదు రకాలుగా చెప్పి, అందులో ఒకటి మన్ను తినడం వల్ల వస్తుందన్నది.

పడమటి వైద్యులు దీన్ని పైకా అన్నారు. లాటిన్‌లో అది కాకి జాతి పిట్ట పేరు. కంటబడిందల్లా ముక్కున కరుచుకుంటుందట!

వెస్టిండీస్, బ్రెజిల్ తోటల్లో మాత్రం ఈ కథ కన్నీళ్లు పెట్టిస్తుంది. 18, 19 శతాబ్దాల్లో అక్కడి ఆఫ్రికా బానిసలు మన్ను తింటే యజమానులు మొండితనమనుకున్నారు. ముఖానికి రేకు ముసుగు తొడిగి తాళం వేశారు. వాళ్లకు పెట్టే కూడు ఎలాంటిదో, కడుపులో పురుగులున్నాయేమో ఆలోచించిన దొరలు అరుదు.

1958లో ఇరాన్‌లోని షిరాజ్‌లో మన దేశంలో పుట్టిన డాక్టర్ ఆనంద ప్రసాద్ దగ్గరికి ఒక రోగి వచ్చాడు. వయసు 21, చూడబోతే పదేళ్ల పిల్లవాడు. తినేది రొట్టె, దానికి తోడు రోజుకు అరకిలో మట్టి. ఒంట్లో రక్తం లేదు. ఇలాంటివారి గురించి ప్రసాద్, సహచరులు 1961లో వ్యాసం ప్రచురించారు. జింకు లోపం మీద పరిశోధనలకు అదే నాంది.

మరి మన్ను తింటే రక్తం తగ్గుతుందా, రక్తం తగ్గితే మన్ను మీదికి మనసుపోతుందా? రెండూ ఉన్నాయి. కొన్ని రకాల బంకమట్టి తిండిలోని ఇనుమును ఒంటికి అందనివ్వదు. మట్టితోపాటు ఏలికపాముల గుడ్లూ లోపలికి పోతాయి. అటు ఇనుము తక్కువైనవారిలో కొందరికి మట్టి, పచ్చిబియ్యం, మంచుగడ్డల మీద ఆశ పుడుతుంది. ఐరన్ మాత్రలు వాడాక అది తగ్గినవారూ ఉన్నారు. గర్భం, ఆకలి, మానసిక ఎదుగుదలలో లోపం, ఇంటి ఆచారం కూడా కారణాలే. రెండేళ్లలోపు పసివాళ్లు దొరికింది నోట పెట్టుకోవడం సహజం. కాని పాత రంగు పెచ్చులు తింటే సీసం విషమవుతుంది, జాగ్రత్త.

మీ ఇంట్లో బలపం కొరికే పిల్ల ఉంటే బెత్తం పక్కన పెట్టి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తపరీక్ష చేయించండి. నులిపురుగుల మాత్ర సంగతి కూడా అక్కడే అడగండి.