కీళ్లవాతం ఉన్నవారికి నడుము నొప్పి వస్తే

రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్లవాతం ముఖ్యంగా చేతివేళ్లు, మణికట్టు, పాదాల్లోని చిన్న కీళ్లకు వస్తుంది. వెన్నులో ఎక్కువగా దెబ్బతినేది మెడ భాగమే, నడుము తక్కువ. కాబట్టి ఈ జబ్బున్నవారు నడుము నొప్పిని కూడా "అదీ వాతమేలే" అని వదిలేయవద్దని మన కుటుంబాలకు మనవి చేస్తున్నాము.

కారణం తరచు వేరే ఉంటుంది. కండరాలు పట్టేయడం, వయసుతో డిస్కులు అరగడం మామూలే. ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్ మాత్రలు 3 నెలలకు మించి వాడితే ఎముకలు గుల్లబారవచ్చు. అప్పుడు చిన్న బరువు ఎత్తినా వెన్నుపూస నలిగిపోవచ్చు. ఎముకల బలం తెలిపే డెక్సా పరీక్ష గురించి డాక్టరును అడగండి. స్టెరాయిడ్లను సొంతంగా కొని వాడవద్దు. వాడుతున్నవాటిని ఒక్కసారిగా ఆపనూ వద్దు.

నొప్పితోపాటు జ్వరం, కాళ్లలో బలం తగ్గడం, తొడల మధ్య తిమ్మిరి, మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం ఉంటే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఈ జబ్బుకు వాడే కొన్ని మందులు రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి గనుక జ్వరాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

మన పెద్దలు ఇంట్లో తెలుగులో చెప్పుకునే బాధ డాక్టరుకు సరిగా చేరాలి. నడుము నొప్పిని తమిళంలో ఇడుప్పు వలి, కన్నడంలో సొంట నోవు, ఒడియాలో అంటా బింధా, మరాఠీలో కంబరదుఖీ అంటారు. ఉత్త "వాతం" అనక రుమటాయిడ్ అనే పేరే చెప్పండి. వాడే మందులన్నీ కాగితం మీద రాసి వెంట తీసుకువెళ్లండి.