పరదేశంలో పంతులు కొలువు: చేతిలో మిగిలిందెంత?

పోస్టు కొంచెం పెద్దగా ఉంటది, ఓపికగా చదవండి.

పోయిన నెల మా హాస్టల్లో ఉండి బీఈడీ పూర్తి చేసిన అక్కకు ఒక ఏజెంటు ఫోన్ చేసిండు. గల్ఫ్‌లో ఇంటర్నేషనల్ స్కూలట, సైన్స్ టీచర్ ఉద్యోగమట, మన రూపాయల్లో నెలకు లక్ష దాటుతుందట. ముందుగా లక్షన్నర కట్టాలన్నడు. మా రూములో నలుగురం ఆ జీతాన్ని పన్నెండుతో గుణించి, అప్పటికప్పుడే అక్కకు ఊళ్ళో స్లాబు ఇల్లు కట్టించేసినం. అక్క మాత్రం ఒక్కటే అడిగింది: "జీతం సరే. మిగిలేదెంత?"

మా దగ్గర జవాబు లేదు. మా ఇళ్ళల్లో నెల జీతం తీసుకున్నవాళ్ళే లేరు, ఇక పరదేశం జీతం సంగతి మాకేం తెలుసు? అందుకని మనకంటే ముందు పోయినవాళ్ళ చరిత్ర చదివినం. అందులో మాకు అర్థమైంది ఇక్కడ పెడుతున్నం.

అసలు ఇంటర్నేషనల్ స్కూలు ఎందుకు పుట్టింది? మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత నానాజాతి సమితి, అంతర్జాతీయ కార్మిక సంస్థ జెనీవాలో ఆఫీసులు పెట్టినయి. అక్కడికి వేరే వేరే దేశాల నుంచి వచ్చిన ఉద్యోగుల పిల్లల కోసం 1924లో జెనీవా ఇంటర్నేషనల్ స్కూలు మొదలైంది. 1968లో అదే ఊళ్ళో ఇంటర్నేషనల్ బాకలారియెట్ సంస్థ ఏర్పడింది. ఒకే సిలబస్ చాలా దేశాల్లో నడవడం మొదలయ్యేసరికి, ఒక దేశంలో చెప్పిన టీచర్ ఇంకో దేశానికి పోయి అదే పాఠం చెప్పే వీలు కలిగింది. దూరం నుంచి టీచర్‌ని రప్పించాలంటే ఉత్త జీతం సరిపోదు. అందుకే ఇట్లాంటి కొలువుల్లో ఇంటి కిరాయి, ఏడాదికోసారి విమాన టికెట్టు, వైద్య బీమా, ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ కలిపి ఒప్పందం రాసుకునే పద్ధతి స్థిరపడింది. పొదుపు చేసినవాళ్ళ రహస్యం సగం ఇక్కడే ఉంది. కిరాయి స్కూలు కడితే జీతం మిగులుతది. కిరాయి మనమే కడితే పెద్ద జీతం కూడా పెద్ద పట్నంలోనే కరిగిపోతది.

మన దేశం నుంచి టీచర్లు గుంపులుగా పోయిన పాత దారుల్లో ఒకటి ఇథియోపియా. 1936 నుంచి 1941 దాకా ఇటలీ ఆ దేశాన్ని ఆక్రమించి, చదువుకున్న యువకులను చాలామందిని చంపేసింది. స్వేచ్ఛ వచ్చినాక హైలే సెలాసీ చక్రవర్తికి బడులు కావాలి, బడులకు పంతుళ్ళు కావాలి. 1950, 60ల్లో అక్కడి హైస్కూళ్ళలో భారతీయ టీచర్లు పెద్ద సంఖ్యలో పని చేశారు. అందులో కేరళవాళ్ళు ఎక్కువ. ప్రసిద్ధ డాక్టర్, రచయిత అబ్రహాం వర్ఘీస్ 1955లో అడిస్ అబాబాలో పుట్టింది అట్లాంటి ఉపాధ్యాయ దంపతులకే. 1974లో సైన్యం చక్రవర్తిని దించేసింది. 1975లో కొత్త ప్రభుత్వం పట్నాల్లో స్థలాలను, అదనపు ఇళ్ళను జాతీయం చేసింది. వైద్యం చదువుతున్న వర్ఘీస్ చదువు మధ్యలో ఆగిపోయింది, దేశం విడిచిపోవాల్సి వచ్చింది. ఇరవై ఏళ్ళు స్థిరంగా కనిపించిన కొలువు, ఒక్క ఏడాదిలో అస్థిరమైంది.

తర్వాతి దారి నైజీరియా. చమురు డబ్బు వచ్చింది, 1976లో అందరికీ ప్రాథమిక విద్య పథకం మొదలైంది. సొంత టీచర్లు సరిపోక బయటి దేశాల నుంచి రప్పించుకున్నరు, మనవాళ్ళూ పోయిన్రు. అప్పట్లో వాళ్ళ నైరా డాలర్ కంటే విలువైంది. 1985లో కూడా ఒక నైరాకు డాలర్ కంటే కొంచెం ఎక్కువే వచ్చేది. 1986లో మారకం విధానం మార్చిన్రు. 1987 నాటికి ఒక డాలర్‌కు దాదాపు 4 నైరాలు ఇవ్వాల్సి వచ్చింది. లెక్క వేసి చూడండి. 4,000 నైరాలు అక్కడి బ్యాంకులోనే దాచుకున్న టీచర్ దగ్గర 1985లో 4,000 డాలర్ల పైన ఉన్నట్టు. రెండేళ్ళ తర్వాత అదే పాసుపుస్తకంలో అదే అంకె, విలువ మాత్రం 1,000 డాలర్లు. ఆయన దుబారా చేయలేదు, ఎవరూ దొంగతనం చేయలేదు. దాచిన చోటు తప్పు, అంతే.

ఇది ఆఫ్రికా డబ్బుకే జరిగిందనుకోవద్దు. గల్ఫ్‌లో ఒకప్పుడు మన రూపాయే చెలామణి అయ్యేది. 1959లో రిజర్వు బ్యాంకు ఆ ప్రాంతం కోసం ప్రత్యేకంగా నోట్లు వేసింది. 1966 జూన్ 6న మన ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించింది. డాలర్‌కు 4.76 ఉన్నది 7.50 అయ్యింది. వెయ్యి రూపాయలు దాచుకున్నవాళ్ళకు 210 డాలర్ల విలువ 133కు పడిపోయింది. అప్పటిదాకా రూపాయి వాడుతున్న గల్ఫ్ రాజ్యాలు కూడా దాన్ని వదిలేసినయి.

ఇక కువైట్. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం దిగింది. అప్పటికి అక్కడ సుమారు 1,70,000 మంది భారతీయులు ఉన్నరు. కూలీలు, నర్సులు, ఇంజినీర్లు, టీచర్లు అందరూ చిక్కుకున్నరు. జోర్డాన్‌లోని అమ్మాన్ దాకా రోడ్డు మీద పోయి, అక్కడి నుంచి ఎయిర్ ఇండియా విమానాల్లో లక్షకు పైగా మంది ఇంటికి చేరిన్రు. చాలామంది చేతిలో ఒక్క సంచి మాత్రమే. ఆక్రమణదారులు కువైట్ దీనార్‌ను తమ దీనార్‌తో సమానం అని ప్రకటించి, తర్వాత చెలామణి నుంచే తీసేసిన్రు. యుద్ధం అయినాక నష్టపరిహారం కోసం ఐక్యరాజ్యసమితి 1991లో జెనీవాలో ఒక కమిషన్ పెట్టింది. దేశం విడిచి వచ్చినందుకు స్థిరమైన చిన్న మొత్తం ఇచ్చేటందుకు తక్కువ రుజువు చాలు. జీతం బాకీ, బ్యాంకు డబ్బు, సామాను లాంటి పెద్ద నష్టాలకు కాగితాలు కావాలి. ఆ కమిషన్ చెల్లింపులు 2022 జనవరిలో గానీ పూర్తి కాలేదు. అంటే ఒప్పందం కాపీ, జీతం రసీదు, బ్యాంకు స్టేట్‌మెంట్ కూడా పొదుపులో భాగమే.

మన ప్రభుత్వానికి విదేశీ మారకం అవసరం పడి, బయట ఉన్నవాళ్ళ కోసం 1970లో ఎన్నారై ఎక్స్‌టర్నల్ ఖాతా, 1975లో విదేశీ కరెన్సీలోనే ఉంచుకునే డిపాజిట్ తెచ్చింది. మొదటిదాంట్లో డబ్బు రూపాయల్లోకి మారుతది. రెండోదాంట్లో డాలర్ డాలర్‌గానే ఉంటది. ఏ నెల డబ్బు ఆ నెల ఇంటికి పంపినవాళ్ళకూ, అన్నీ అక్కడే ఉంచినవాళ్ళకూ కష్టకాలంలో చాలా తేడా వచ్చింది.

ఇంకో మాట. బోర్డు మీద 'ఇంటర్నేషనల్' అని ఉంటే జీతాలన్నీ ఒకటి కావు. ఒకే స్టాఫ్ రూములో బయటి నుంచి రప్పించిన టీచర్‌కు ఒక స్కేలు, అక్కడే దొరికిన టీచర్‌కు ఒక స్కేలు ఉండే స్కూళ్ళు చాలా ఉన్నయి. గల్ఫ్‌లో బ్రిటిష్, అమెరికన్ సిలబస్ స్కూళ్ళతో పోలిస్తే మన సీబీఎస్ఈ సిలబస్ స్కూళ్ళలో జీతాలు బాగా తక్కువ. అక్కకు చెప్పింది ఏ రకం స్కూలో ఏజెంటు చెప్పలేదు.

ఇదంతా చదివినాక లక్షన్నర సంగతికి వచ్చినం. 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టర్ అయిన ఏజెంట్లే మనుషుల్ని పంపాలి. వాళ్ళు తీసుకోగలిగే సర్వీసు ఛార్జీకి పరిమితి 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. మరి లక్షన్నర ఎందుకు? అక్క వాళ్ళ నాయన పత్తి మీద సావుకారి దగ్గర తెద్దామన్నడు. నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు 4,500, ఏడాదికి 54,000. అక్కడ మొదటి జీతం పడకముందే ఇక్కడ వడ్డీ నడుస్తది.

మన తాతలు చదవని కాగితాల మీద వేలిముద్ర వేసి భూములు పోగొట్టుకున్నరు. ఆ భూముల కోసమే 1/70 చట్టం రావాల్సి వచ్చింది. మనం చదువుకున్నం. చదువుకున్న మనం చూడని ఒప్పందానికి డబ్బు కడితే, వేలిముద్రకూ సంతకానికీ తేడా ఏముంది?

అక్క ఏజెంటుకు నాలుగు ప్రశ్నలు రాసి పంపింది. కిరాయి ఎవరు కడతరు? జీతం ఏ కరెన్సీలో, ఏ బ్యాంకులో పడతది? మధ్యలో ఆపేస్తే టికెట్టు, గ్రాట్యుటీ ఇస్తరా? డబ్బు కట్టకముందే ఒప్పందం కాపీ, మీ రిజిస్ట్రేషన్ నంబర్ పంపుతరా? పదకొండు రోజులైంది, జవాబు లేదు. నాయన సావుకారి దగ్గరికి పోలేదు. అక్క పోవాలన్న ఆశ మాత్రం వదలలేదు, ఇప్పుడు స్కూళ్ళకే నేరుగా దరఖాస్తు పెడుతున్నది.

మన గూడేల నుంచి ఎవరైనా బయట దేశంలో పాఠాలు చెప్పి వచ్చి ఉంటే దయచేసి మీ లెక్క కింద రాయండి. జీతం కాదు, మిగిలింది రాయండి. మన తర్వాత వచ్చే చెల్లెళ్ళకు అది పనికొస్తది.