మన విశ్వవిద్యాలయములు - వాని పరిపాలనము

పల్నాటి సీమలో విద్యను గూర్చి ప్రస్తావించువారు నాగార్జునకొండతో ఆరంభించుట పరిపాటి. అది సముచితమే. మాచర్లకు అనతిదూరమున, కృష్ణాతీరమందు, క్రీస్తు శకము 3, 4 శతాబ్దములలో ఇక్ష్వాకు ప్రభువులు విజయపురి రాజధానిగా పాలించిరి. వారిలో ప్రథముడగు వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు అశ్వమేధాది క్రతువుల నాచరించిన వైదికుడు. ఆయన సోదరి శాంతిశ్రీ బౌద్ధ మహాచైత్యమునకు దానము లొసగిన పుణ్యాత్మురాలు. బోధిశ్రీ యను ఉపాసిక వేయించిన శాసనమున సింహళ విహారము పేర్కొనబడియున్నది. దూరదేశపు భిక్షువులకు కూడ నివాసమైన ఆ విహారముల సముదాయమును మనవారు విశ్వవిద్యాలయ మనియే పిలుచుచున్నారు. అచ్చటి శాసనములను పరిశీలించిన వారికి ఒక్క సంగతి తోచక మానదు. ఆ విహారములు కేవలము రాజు బొక్కసముపై నిలిచినవి కావు. రాజవంశపు స్త్రీలును, ఉపాసికలును వానిని తమవిగా తలచి పోషించిరి.

కాలగర్భమున కలిసిన ఆ శిథిలములు 1926లో మరల వెలుగు చూచినవి. సూరపరాజు వెంకటరామయ్య యను స్థానికోపాధ్యాయుడు ఒక ప్రాచీన స్తంభమును గూర్చి ప్రభుత్వమునకు తెలుపగా, పురావస్తు శాఖవారు వచ్చి పరిశీలించిరి. ఆ సంవత్సరముననే, ఏప్రిల్ 26వ తేదీన, ఆంధ్ర విశ్వవిద్యాలయము బెజవాడ కేంద్రముగా ఏర్పడెను. పాత చదువుల జాడ బయల్పడిన యేటనే తెలుగువారి క్రొత్త చదువులకు పునాది పడుట కాకతాళీయమే యైనను స్మరింపదగినది. ఆ విశ్వవిద్యాలయ మెట్లు పుట్టినది, ఎవరి చేతులలో నడచినది, దాని సంతతి మన పల్నాటి వఱకు ఎట్లు వచ్చినది, ఈ ప్రయాణమున మనకు లభించిన దేమి, చేజారిన దేమి యను విషయములను ఇచ్చట సంగ్రహముగా విచారింతము.

1857లో కలకత్తా, బొంబాయి, మదరాసు నగరములందు మూడు విశ్వవిద్యాలయములు వెలసినవి. వానికి మాతృక లండను విశ్వవిద్యాలయము. ఆనాటి పద్ధతిలో విశ్వవిద్యాలయము పాఠము చెప్పునది కాదు. పరీక్ష పెట్టి పట్ట మిచ్చునది. పాఠములు చెప్పుట అనుబంధ కళాశాలల పని. ఆ విధముగా రాజమహేంద్రవరము, మచిలీపట్టణము, గుంటూరు మున్నగు పట్టణముల కళాశాలలన్నియు మదరాసునకు అనుబంధములై యుండెను. 1885లో స్థాపితమైన గుంటూరు క్రైస్తవ కళాశాలలో చదివిన పల్నాటి బాలునికి కూడ పట్టము మదరాసు నుండియే రావలసి యుండెను. 1904లో కర్జను ప్రభువు కాలమున వెలువడిన చట్టము విశ్వవిద్యాలయములపై ప్రభుత్వపు పట్టును మఱింత బిగించెను. సెనేటు సభ్యులలో అధిక సంఖ్యాకులు నామినేషను వలన వచ్చినవారే. తెలుగు జిల్లాల ప్రజల మాట అచ్చట వినవచ్చుట అరుదు.

1913లో బాపట్లయందు మొదటి ఆంధ్ర మహాసభ సమావేశమయ్యెను. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము స్థాపితమయ్యెను. ప్రత్యేక రాష్ట్రము, ప్రత్యేక విశ్వవిద్యాలయము, ఊరూర గ్రంథాలయము - ఈ మూడు కోరికలును ఒక్క మేల్కొలుపునకు మూడు ముఖములు. వీనిలో గ్రంథాలయమును ప్రజలు తమ చేతులతో తామే నిర్మించుకొనిరి. విశ్వవిద్యాలయమునకు చట్టము కావలసివచ్చెను. అన్నెపు పరశురామదాసు పాత్రో గారు విద్యామంత్రిగా నున్న కాలమున, 1925లో మదరాసు శాసనమండలి ఆంధ్ర విశ్వవిద్యాలయ చట్టమును ఆమోదించెను. కట్టమంచి రామలింగారెడ్డి గారు ప్రథమ ఉపకులపతి యైరి.

ఆ చట్టము ఏర్పఱచిన పరిపాలన పద్ధతిని కొంచెము వివరింపవలసి యున్నది. గవర్నరు కులపతి. ఆయన క్రింద ఉపకులపతి. సెనేటు పెద్ద సభ. దానిని విశ్వవిద్యాలయపు శాసనసభ యనవచ్చును. రిజిస్టరు చేసికొనిన పట్టభద్రులు, ఉపాధ్యాయులు, స్థానిక సంస్థలు మున్నగువారి ప్రతినిధులు అందుండెడివారు. దినదిన వ్యవహారము నడపునది సిండికేటు; అది మంత్రివర్గము వంటిది. అన్నిటికంటె గమనింపదగిన దేమనగా, ఆనాడు ఉపకులపతిని సెనేటే ఎన్నుకొనెడిది. పరాయి ప్రభుత్వము దేశమును ఏలుచున్న దినములలో ఒక విద్యాసంస్థ తన పెద్దను తాను ఎన్నుకొనగల్గుట సామాన్య విషయము కాదు.

అంతమాత్రమున ఆ దినములు దోషరహితములని యెంచరాదు. కేంద్రము ఎచ్చట నుండవలెనను తగవు చట్టముకంటె ముందే పుట్టి, చట్టము తరువాతను చల్లాఱలేదు. బెజవాడ, రాజమహేంద్రవరము, విశాఖపట్టణము, అనంతపురము - ప్రతి పట్టణమునకును వాదించువారు కలరు. తుదకు 1930లో కేంద్రము వాల్తేరునకు మారెను. దత్తమండల జిల్లాలు తిరిగి మదరాసు విశ్వవిద్యాలయము క్రిందికే పోయినవి. ఆ బాధ ఎంత లోతైనదో 1937 నవంబరు 16 నాటి శ్రీబాగు ఒడంబడిక చెప్పుచున్నది. రాయలసీమ నాయకులు, సర్కారు నాయకులు కలిసి వ్రాసికొనిన ఆ పత్రములో అనంతపురమున విశ్వవిద్యాలయ కేంద్ర ముండవలెనను షరతు చేరినది. సెనేటు సభ్యుల నెన్నుకొను హక్కు గలవారు కూడ కొలదిమందియే. పట్టభద్రులే స్వల్పముగా నున్న దేశమున పట్టభద్రుల ఓటు ప్రజల ఓటు కాజాలదు. ఈ లోపములను ఒప్పుకొనియే ముందుకు సాగుదము.

అయినను ఆ పద్ధతి గొప్పవారిని మనకు ప్రసాదించెను. 1930లో శాసనోల్లంఘనోద్యమమును ప్రభుత్వము అణచిన తీరునకు నిరసనగా రామలింగారెడ్డి గారు పదవిని త్యజించిరి. పదవి ప్రభుత్వపు భిక్షయని తలచువాడు అట్టి పని చేయజాలడు. 1931లో సెనేటు సర్వేపల్లి రాధాకృష్ణన్ గారిని ఎన్నుకొనెను. పరీక్షల కార్యాలయముగా నున్న సంస్థను ఆయన అయిదేండ్లలో బోధన, పరిశోధన జరుగు విద్యాపీఠముగా మార్చిరి. జయపురము మహారాజుల ఔదార్యము దానికి ఆలంబన మయ్యెను. విజ్ఞాన సాంకేతిక కళాశాలకు వారి పేరే పెట్టబడెను. 1933లో రవీంద్రనాథ ఠాకూరు అచ్చటికి వచ్చి ఉపన్యసించిరి. 1936లో మరల రామలింగారెడ్డి గారే ఎన్నికై 1949 వఱకు నడపిరి. 1942 ఏప్రిల్‌లో విశాఖపట్టణముపై బాంబులు పడగా విశ్వవిద్యాలయము గుంటూరునకు తరలివచ్చి 1946 వఱకు ఇచ్చటనే యుండెను. అనగా యుద్ధభయమే విశ్వవిద్యాలయమును మొదటి సారి మన జిల్లాకు తెచ్చినది.

స్వాతంత్ర్యానంతరము ఆంధ్ర రాష్ట్ర మేర్పడగా, 1954లో తిరుపతియందు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము వెలసి రాయలసీమ కోరిక కొంత తీరినది. 1956లో ఆంధ్రప్రదేశ్ అవతరించినప్పుడు నిజాము ఫర్మానాచే 1918లో పుట్టిన ఉస్మానియాయు ఈ కుటుంబమున చేరెను. ప్రజాప్రభుత్వము వచ్చిన పిమ్మట విశ్వవిద్యాలయ స్వాతంత్ర్యమునకు ఇక చిక్కు లేదని పలువురు తలచిరి. కాని 1966లో ఉస్మానియా చట్టమునకు సవరణలు జరిగెను. ఉపకులపతి పదవీకాలము అయిదేండ్ల నుండి మూడేండ్లకు తగ్గినది. అప్పటికే పదవిలో నున్న డి. ఎస్. రెడ్డి గారిని తొలగించుటకు ప్రత్యేకముగా ఒక విభాగము చేర్చబడెను. ఆయన న్యాయస్థానము నాశ్రయింపగా, 1967లో సుప్రీంకోర్టు ఆ విభాగము సమానత్వపు హక్కునకు విరుద్ధమని కొట్టివేసెను. ఎన్నికైన ప్రభుత్వమైనను విద్యాపీఠము విషయమున తన హద్దు నెఱుగవలెనని ఆ తీర్పు చాటినది.

ఆ 1967లోనే ఆంధ్ర విశ్వవిద్యాలయము గుంటూరు చెంత నల్లపాడున స్నాతకోత్తర కేంద్రమును నెలకొల్పెను. నాగార్జునసాగర జలాశయపు నీరు కాలువలకు విడువబడినదియు ఆ యేటనే. ఆ కేంద్రమే పెరిగి 1976లో నాగార్జున విశ్వవిద్యాలయ మయ్యెను. సెప్టెంబరు 11వ తేదీన రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహమ్మదు గారు దానిని ప్రారంభించిరి. మన సీమకు చెందిన కొండ పేరే దానికి పేరైనది. 2004లో అది ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయ మని మార్చబడెను. మొదట గుంటూరు, కృష్ణా, ప్రకాశము జిల్లాలు దాని పరిధి. 2008లో కృష్ణా జిల్లాకు మచిలీపట్టణమున వేఱొక విశ్వవిద్యాలయము వచ్చెను. తరువాత ఒంగోలున ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయము నెలకొనెను. 2016లో కాకినాడ సాంకేతిక విశ్వవిద్యాలయపు ఇంజనీరింగు కళాశాల నరసరావుపేటలో వెలసెను. 2022లో ఆ పట్టణమే పల్నాడు జిల్లాకు కేంద్రమయ్యెను. మాచర్ల ప్రభుత్వ కళాశాల విద్యార్థికి ఇప్పుడు పట్టము మదరాసు నుండి గాని, వాల్తేరు నుండి గాని రానక్కరలేదు. ఈ సామీప్యము చిన్న లాభము కాదు. దూరభారము వలన చదువు మానుకొనవలసి వచ్చిన ఆడపిల్లలకు, పేదబిడ్డలకు ఇది గడప దగ్గఱి వెలుగు.

ఇక చేజారిన దానిని గూర్చి చెప్పవలెను. 1988లో రాష్ట్ర ఉన్నత విద్యామండలి చట్టము వచ్చెను. 1991లో విశ్వవిద్యాలయముల కన్నిటికిని ఉమ్మడిగా ఒక చట్టము చేయబడెను. ఆ చట్టము ప్రకారము పరిపాలనాధికారము కార్యనిర్వాహక మండలిది. అందు ప్రభుత్వ శాఖల అధికారులును, ఆచార్యులును, ప్రభుత్వము నామినేట్ చేయువారును సభ్యులు. విద్యా సంబంధమైన సెనేటు ఒకటి యున్నది గాని, బయటి ప్రపంచపు ప్రతినిధులతో నిండియుండిన పాత సెనేటు లేదు. ఉపకులపతిని ఎన్నుకొనుట లేదు. అన్వేషణ సంఘము సూచించిన పేర్లలో నుండి నియమించుచున్నారు. ఈ మార్పునకు కారణములు లేకపోలేదు. పాత సెనేటు ఎన్నికలలో కక్షలు, ముఠాలు ప్రవేశించినవి. రాజుల దానములు పోయి ప్రభుత్వ ధనమే ఆధారమైనప్పుడు, ధన మిచ్చువాడు లెక్క అడుగుట సహజము. వేఱువేఱు చట్టముల గందరగోళము తొలగుట కూడ మేలే. కాని కక్షల కొఱకు సభనే తీసివేయుట, ఎలుకలకై ఇంటికి నిప్పు పెట్టుకొనుట వంటిది. భూమిమీద విశ్వవిద్యాలయము మనకు దగ్గఱైన కొలదియు, మాట చెల్లుబాటులో అది మనకు దూరమైనది. వాల్తేరులో నున్నప్పుడు గుంటూరు జిల్లా పట్టభద్రునకు దాని సభలో ఓటుండెను. నాగార్జున నగరమునకు వచ్చిన పిమ్మట ఆ ఓటు లేదు.

ఇది కేవలము గౌరవమునకు సంబంధించిన విషయము కాదు. అనుబంధ కళాశాల పిల్లలకు విశ్వవిద్యాలయ మనగా పరీక్ష రుసుము, హాలు టిక్కెట్టు, ఫలితముల తేదీ మాత్రమే. ఏ కోర్సు తెఱచిరి, ఏది మూసిరి, తెలుగున బోధన ఎందుకు తగ్గినది, పల్నాటి సున్నపురాతిని గూర్చి, మెట్ట సేద్యమును గూర్చి పరిశోధన ఎంత జరిగినది యని అడుగుటకు వారికి, వారి తల్లిదండ్రులకు ఒక స్థానము లేదు. అడుగువారు లేనిచోట మంచి ఆచార్యులు కూడ నిరుత్సాహులగుదురు. చెడ్డవారికి భయ ముండదు.

ఈ సంచిక ఒక గ్రామ గ్రంథాలయపు రజతోత్సవ సందర్భమున వెలువడుచున్నది. కావున ఈ చరిత్ర ఇచ్చట చెప్పుట అసందర్భము కాదు. గ్రంథాలయము చిన్నది, విశ్వవిద్యాలయము పెద్దది. అయినను గ్రంథాలయ సభ్యుడు సర్వసభ్య సమావేశమున లేచి జమాఖర్చు అడుగగలడు, కార్యదర్శిని మార్చగలడు. ఇరువదియైదేండ్లు ఈ అలవాటును నిలుపుకొనుట విద్యా పరిపాలనమున మన గ్రామము పొందిన శిక్షణ. ఈ శిక్షణను కొంచెము విస్తరింపవచ్చును. 1991 చట్టపు ప్రతి, విశ్వవిద్యాలయపు వార్షిక నివేదికలు మన బల్లపై వార్తాపత్రికల ప్రక్కన ఉండవలెను. ఏటేట ఒక్క సాయంకాలమైనను వానిని చదివి చర్చింపవలెను. సమాచార హక్కు చట్టము 2005 నుండి అమలులో నున్నది; దానిని వినియోగించి ప్రశ్నింపవలెను. పట్టభద్రులకు తిరిగి ప్రాతినిధ్య మిమ్మని శాసనసభ్యులను కోరవలెను.

2026తో ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు నూరేండ్లు. దానిని కోరి సాధించినవారు ధనికులును, బలవంతులును మాత్రమే కారు. ఊరూర గ్రంథాలయములు పెట్టి సభలు జరిపిన సామాన్యులు కూడ. కోరి తెచ్చుకొనిన వస్తువును అడిగి చూచుకొను బాధ్యత వారి సంతతిదే.